నాలుగు ఇళ్లు మారిన ఫోటోషాప్

2013 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ఒక పాత ప్రోగ్రామును అందరూ చదువుకునేలా బయటపెట్టింది. అడోబీ కంపెనీ అనుమతితో వెలుగు చూసిన ఆ ప్రోగ్రాము ఫోటోషాప్ 1.0.1. అది 1990 నాటిది. మొత్తం 179 ఫైళ్లు, దాదాపు 1,28,000 వరుసలు. అందులో నూటికి డెబ్బై అయిదు వంతులు పాస్కల్ భాషలో ఉన్నాయి. పదిహేను వంతులు అసెంబ్లీలో ఉన్నాయి. మిగిలింది రకరకాల డేటా.

పాస్కల్‌లో రాసినదాన్ని కాస్త కష్టపడితే ఇంకో చిప్‌కు తర్జుమా చేసుకోవచ్చు. అసెంబ్లీకి ఆ వెసులుబాటు లేదు. అది ఒక్క చిప్ కుటుంబానికే అర్థమయ్యే భాష. ఆ పదిహేను వంతులూ మోటరోలా 68000 కోసం చేత్తో చెక్కినవి. ఫోటోషాప్‌కు పేరు తెచ్చిన వేగం అక్కడే పుట్టింది. తర్వాత ముప్పై ఏళ్లలో చిప్ మారిన ప్రతిసారీ దాన్ని తయారుచేసేవాళ్లు పడ్డ అవస్థకు మూలం కూడా అక్కడే ఉంది.

కథ మొదలైంది అమెరికాలోని మిషిగన్‌లో. గ్లెన్ నోల్ అక్కడి విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. ఫోటోల మీద మోజుతో ఇంటి నేలమాళిగలో డార్క్ రూమ్ పెట్టుకున్నాడు. కొడుకులు థామస్, జాన్ ఆ ఎర్రదీపం వెలుగులోనే పెరిగారు. 1987లో థామస్ అదే విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తూ మ్యాకింతోష్ ప్లస్ మీద పనిచేసేవాడు. దాని తెర మీద 512 అడ్డం, 342 నిలువు చుక్కలు. ప్రతి చుక్కా నలుపో తెలుపో, మధ్యలో ఏ ఛాయా లేదు. చుక్కలను ఒకచోట దట్టంగా, ఒకచోట పలచగా చల్లి బూడిద రంగును భ్రమింపజేసే చిన్న ప్రోగ్రామును థామస్ రాసుకున్నాడు. దానికి డిస్‌ప్లే అని పేరు పెట్టాడు. తమ్ముడు జాన్ అప్పటికి సినిమా ట్రిక్కులకు పేరుమోసిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్‌లో ఉద్యోగి. ఆ చిన్న ప్రోగ్రాములో పెద్ద సరుకుందని కనిపెట్టింది అతనే. 1988లో బార్నీస్కాన్ అనే స్కానర్ల కంపెనీ ఆ ప్రోగ్రాము కాపీలను సుమారు రెండు వందల దాకా తన యంత్రాలతో కలిపి ఇచ్చింది. తర్వాత అడోబీ రంగంలోకి దిగింది. 1990 ఫిబ్రవరి 19న ఆ ప్రోగ్రామే ఫోటోషాప్ 1.0గా మార్కెట్లోకి వచ్చింది. అది మ్యాక్‌ల మీద మాత్రమే నడిచేది.

అసెంబ్లీ అవసరం ఎందుకొచ్చిందో ఒక చిన్న లెక్క చెబుతుంది. ఏ4 కాగితం అంత ఫోటోను అచ్చుకు పనికొచ్చేలా అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే సుమారు 87 లక్షల చుక్కలు వస్తాయి. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు. అంటే రెండు కోట్ల అరవై లక్షల అంకెలు. ఫోటోను కొద్దిగా మసకబార్చాలంటే ప్రతి అంకెనూ దాని ఇరుగుపొరుగు అంకెలతో కలిపి సగటు తీయాలి. మ్యాక్ ప్లస్‌లోని 68000 చిప్ గడియారం సెకనుకు 80 లక్షల సార్లకు కొంచెం తక్కువగా కొట్టుకునేది. ఒక్క గుణకారానికే డెబ్బై దాకా టిక్కులు పట్టేవి. ఇక లెక్క వేసుకోవడం పాఠకుల వంతు. బటన్ నొక్కి, కాఫీ తాగి, మళ్లీ వచ్చి చూసుకునే రోజులవి.

మెమరీ కూడా మెగాబైట్లలో వేళ్ల మీద లెక్కపెట్టేంతే. ఆనాటి మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు డిస్కును మెమరీలా వాడుకునే విద్య రాదు. 1991లో సిస్టమ్ 7తో గానీ అది రాలేదు. అందుకని నోల్ సోదరులు ఆ విద్యను ఫోటోషాప్‌లోనే ఇమిడ్చారు. బొమ్మను పలకలుగా కోసి, పని జరుగుతున్న పలకలను మాత్రం మెమరీలో పెట్టి, మిగతావాటిని డిస్కు మీద దాచేది. ఫోటోషాప్ వాడేవాళ్లకు ఇప్పటికీ ఎదురయ్యే స్క్రాచ్ డిస్క్ అన్న మాటకు మూలం ఆ ఏర్పాటే. ఆపరేటింగ్ సిస్టమ్ చేయాల్సిన పనిని తానే చేసుకుంటూ, చిప్ నాడి పట్టుకుని పరిగెత్తడం ఈ ప్రోగ్రాముకు పుట్టుకతో వచ్చిన గుణం.

మొదటిసారి గడప దాటింది 1993లో. ఫోటోషాప్ 2.5 విండోస్ మీదికి వచ్చింది. కింద ఉన్నది ఇంటెల్ చిప్. ఆ చిప్‌కు అసెంబ్లీ భాష వేరు. అదొక్కటే కాక, అంకెలు రాసుకునే తీరే తలకిందులు.

మన శాసనాల్లో శక సంవత్సరాన్ని మాటలతో చెప్పే పద్ధతి ఒకటి ఉంది. చంద్రుడు అంటే ఒకటి, నేత్రాలు అంటే రెండు, అగ్నులు మూడు, వేదాలు నాలుగు, బాణాలు అయిదు. అయితే ముందు చెప్పిన మాట ఒకట్ల స్థానంలోకి పోతుంది, తర్వాతి మాటలు ఎడమవైపుకి నడుస్తాయి. వేదాలు, బాణాలు అని వరుసగా చెబితే 45 అనుకోకూడదు, 54 అనుకోవాలి. సూత్రం తెలియనివాడు చదివితే రాజు ఏలుబడి అటూ ఇటూ అయిపోతుంది. చిప్‌ల లోకంలోనూ అవే రెండు సంప్రదాయాలు. మోటరోలా వంశం పెద్ద స్థానాన్ని ముందు రాస్తుంది. ఇంటెల్ వంశం చిన్న స్థానాన్ని ముందు రాస్తుంది. 258 అనే సంఖ్యను మోటరోలా 1, 2 అనే రెండు బైట్లుగా దాచుకుంటుంది. ఆ రెండింటినీ ఇంటెల్ తన పద్ధతిలో చదివితే 513 వస్తుంది. ఫోటోలో ఇలాంటి తప్పు జరిగితే బొమ్మ కాస్తా రంగుల ఇసుకలా రాలిపోతుంది. మ్యాక్‌లో దాచిన ఫైలు విండోస్‌లో తెరుచుకోవాలంటే ఎక్కడెక్కడ బైట్లను తిప్పాలో ప్రోగ్రాములో వెతికి వెతికి సరిచేయాలి. 1993లో నేర్చుకున్న ఈ పాఠం పదమూడేళ్ల తర్వాత అడోబీకి అక్కరకొచ్చింది.

ఈలోగా సొంతిల్లే మారింది. యాపిల్, ఐబీఎం, మోటరోలా 1991లో చేతులు కలిపి పవర్‌పీసీ అనే కొత్త చిప్ వంశానికి శ్రీకారం చుట్టాయి. 1994 మార్చి 14న మొదటి పవర్ మ్యాకింతోష్‌లు వచ్చాయి. పాత ప్రోగ్రాములు పనికిరాకుండా పోతే ఎవరూ కొనరని యాపిల్‌కు తెలుసు. అందుకే 68000 భాషను అక్కడికక్కడ పవర్‌పీసీలోకి మార్చి చెప్పే దుబాసీని యంత్రంలోనే పెట్టింది. ఆపరేటింగ్ సిస్టమ్‌లో కూడా చాలా భాగం ఆ దుబాసీ మీదే నడిచేది. పాత ఫోటోషాప్ కూడా కొత్త యంత్రం మీద తెరుచుకునేది.

తెరుచుకోవడం వేరు, పరుగెత్తడం వేరు. ప్రతి మాటా దుబాసీ నోటి నుంచి రావాలంటే ఉత్తరాలు రాసే ప్రోగ్రాముకు ఇబ్బంది లేదు. రెండు కోట్ల అరవై లక్షల అంకెలు తిప్పాల్సిన ప్రోగ్రాముకు మాత్రం ప్రాణసంకటం. వేగం కోసం వేలకు వేలు పోసి కొత్త యంత్రం కొన్న ఫోటోగ్రాఫరుకు అది పాతదానికన్నా నెమ్మదిగా కనిపిస్తే ఊరుకుంటాడా? అడోబీ ముందుగా ఒక చిట్కా వేసింది. బరువైన లెక్కలను మాత్రం పవర్‌పీసీ భాషలో రాసి, 2.5.1 వెర్షన్‌కు తగిలించుకునే ప్లగిన్‌గా ఇచ్చింది. ఆ ఏడాది శరత్కాలంలో ఫోటోషాప్ 3.0 పూర్తిగా కొత్త చిప్‌కు తగ్గట్టు తయారై వచ్చింది. లేయర్లు అనే వసతి వచ్చింది కూడా అందులోనే. మారడానికి కొనేవాళ్లకు రెండు కారణాలు దొరికాయి కాబట్టి ఈసారి ఇల్లు మారడం సుఖంగానే జరిగిపోయింది. ఆ ఊపులో సిలికాన్ గ్రాఫిక్స్, సన్ కంపెనీల యంత్రాలకు కూడా 3.0 వెర్షన్లు వచ్చాయి. గిరాకీ లేక అవి అక్కడితోనే ఆగిపోయాయి.

1990ల చివరికి వచ్చేసరికి ఫోటోషాప్ ఒక పందెం కోడి అయింది. 1997లో యాపిల్‌కు తిరిగొచ్చిన స్టీవ్ జాబ్స్ వేదిక మీద ఒక మ్యాక్‌ను, ఇంటెల్ పెంటియం చిప్ ఉన్న ఒక యంత్రాన్ని పక్కపక్కన పెట్టించేవాడు. మార్కెటింగ్ అధిపతి ఫిల్ షిల్లర్ రెండింట్లోనూ ఒకే ఫోటోషాప్ పనుల వరుసను ఒకేసారి మొదలుపెట్టేవాడు. మ్యాక్ ముందు ముగించేది, సభ చప్పట్లు కొట్టేది. గడియారం వేగంలో పెంటియం ఎంతో ముందున్న రోజుల్లో కూడా ఈ ఆట మ్యాక్ గెలిచేది.

గెలుపు వెనక రహస్యం 1999 ఆగస్టులో వచ్చిన పవర్‌పీసీ జీ4 చిప్‌లోని ఆల్టివెక్ అనే భాగం. మామూలు చిప్ లెక్క చేసే తీరు ఒకే కూలీ మడిలో ఒక్కో నారు మొక్కను నాటుకుంటూ పోవడం లాంటిది. ఆల్టివెక్ పదహారు మందిని గట్టు వెంబడి వరుసగా నిలబెట్టి, ఒకే కేకకు అందరి చేతా ఒకేసారి నాటించినట్టు. 128 బిట్ల వెడల్పులో పదహారు బైట్ల మీద ఒకే ఆజ్ఞ. ఫోటోలో చుక్కలన్నిటికీ ఒకే పని చేయాలి కాబట్టి ఇంతకన్నా అనువైన పొలం ఇంకొకటి లేదు. ఇంటెల్ కూడా 1997లో ఎంఎంఎక్స్‌తో, ఆ తర్వాత ఎస్ఎస్ఈతో ఇదే దారి పట్టింది. కానీ ఎవరి కేక వారిది. ఆల్టివెక్ కోసం రాసిన వరుస ఎస్ఎస్ఈకి అర్థం కాదు. ఒక్కో చిప్‌కు ఒక్కో రకంగా అడోబీ ఇంజినీర్లు మళ్లీ చేత్తో చెక్కుతూ పోయారు. పందెంలో గెలిచేకొద్దీ ఫోటోషాప్ పవర్‌పీసీ నేలలోకి వేళ్లు ఇంకా లోతుగా దింపుకుంది.

2005 జూన్ 6న శాన్‌ఫ్రాన్సిస్కోలో జాబ్స్ ఆ నేలనే అమ్మేస్తున్నట్టు ప్రకటించాడు. మ్యాక్‌లు ఇకనుంచి ఇంటెల్ చిప్‌లతో వస్తాయి. అన్నేళ్లు నత్త అని వెక్కిరించిన శత్రువుతో వియ్యం. అడోబీ అధిపతి బ్రూస్ చిజెన్ వేదికెక్కి, ఇంత ఆలస్యం ఎందుకయిందన్నదే తన సందేహమని ఛలోక్తి విసిరాడు. ఆ మాట తర్వాత అతని కంపెనీకే తగులుకుంది. ఇంటెల్ మ్యాక్‌ల మీద సొంతంగా నడిచే ఫోటోషాప్ రావడానికి ఆ రోజు నుంచి ఇరవై రెండు నెలలు పట్టింది.

విండోస్ ఫోటోషాప్ పన్నెండేళ్లుగా ఇంటెల్ మీదే నడుస్తోంది కదా, దాన్నే తెచ్చి పెట్టేస్తే పోలేదా అని చాలామంది అడిగారు. అడోబీ ఇంజినీరు స్కాట్ బయర్ 2006 మార్చిలో దీనికి ఓపిగ్గా జవాబు రాశాడు. మ్యాక్ ఫోటోషాప్‌ను ఏళ్ల తరబడి కోడ్‌వారియర్ అనే పనిముట్టుతో తయారుచేశారు. ఇంటెల్ మ్యాక్‌లకు ప్రోగ్రాము కట్టాలంటే యాపిల్ సొంత పనిముట్టు ఎక్స్‌కోడ్‌కు మారాలి. లక్షల వరుసల ప్రోగ్రామును, అంత బరువు ఇంకా మోసి ఎరగని పనిముట్టు మీదికి ఎక్కించాలి. బైట్లు తిప్పే చోట్లన్నీ మ్యాక్ వైపు నుంచి మళ్లీ వెతకాలి. ఆల్టివెక్ వరుసలన్నిటికీ ఎస్ఎస్ఈ ప్రత్యామ్నాయాలు పెట్టాలి. పైగా 2005 ఏప్రిల్‌లోనే సీఎస్2 వెర్షన్ విడుదల చేశారు. దాన్ని వెనక్కి లాగి మార్చేకన్నా తర్వాతి వెర్షన్‌నే కొత్త చిప్‌కు కడతామని అడోబీ తేల్చింది.

2006 జనవరిలో ఇంటెల్ మ్యాక్‌లు అంగళ్లకు వచ్చాయి. సీఎస్2ను వాటి మీద రొసెట్టా అనే కొత్త దుబాసీ నడిపించింది. మూడు లిపుల్లో చెక్కిన ఈజిప్టు శిల పేరు దానిది. దాని వెనకున్న పరిజ్ఞానం ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో మొలకెత్తిన ట్రాన్సిటివ్ అనే కంపెనీది. అప్పుడప్పుడు ఫోటో సర్దుకునేవారికి రొసెట్టా సరిపోయింది. రోజంతా ఫోటోషాప్‌తో బతికేవారికి సరిపోదని జాబ్స్ కూడా వేదిక మీదే ఒప్పుకున్నాడు. అలాంటివారిలో చాలామంది పాత పవర్‌పీసీ జీ5 యంత్రాలనే అంటిపెట్టుకుని ఉండిపోయారు. 2006 డిసెంబరులో సీఎస్3 ముసాయిదాను అందరికీ ఇచ్చారు. 2007 ఏప్రిల్‌లో అసలుది వచ్చింది.

అప్పుడు బయటపడిన చిక్కు ప్లగిన్‌లది. ఫోటోషాప్‌కు తగిలించుకునే ఫిల్టర్లను, స్కానర్ల ప్రోగ్రాములను వందల చిన్న కంపెనీలు తయారుచేసేవి. ఇంటెల్ భాషలో నడిచే సీఎస్3 పొట్టలోకి పవర్‌పీసీ భాషలో ఉన్న ప్లగిన్ చొరబడలేదు. పాత ఫిల్టరు కావాలంటే కొత్త ఫోటోషాప్‌ను కూడా దుబాసీ మీదే నడపాలి. అంటే డబ్బు పోసి కొన్న వేగాన్ని వదులుకోవాలి. తయారుచేసిన కంపెనీ మూతపడి ఉంటే ఆ ఫిల్టరు కథ ముగిసినట్టే. 2011లో యాపిల్ లయన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో రొసెట్టానే తీసేసింది. ఆ పూట నుంచి సీఎస్2 ఇంటెల్ మ్యాక్‌ల మీద తెరుచుకోవడమే మానేసింది.

ఇల్లు సర్దుకోకముందే మరో గది మారాల్సి వచ్చింది. 32 బిట్ల ప్రోగ్రాము గుర్తుపెట్టుకోగల చిరునామాలు నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్లు, అంటే నాలుగు గిగాబైట్లు. పెద్ద కెమెరాలు, పదుల లేయర్లు వచ్చాక ఫోటోలకు అది చాలలేదు. ఏఎండీ 2003లో తెచ్చిన 64 బిట్ల విస్తరణను ఇంటెల్ కూడా అందుకుంది. ఫోటోషాప్ మాత్రం మ్యాక్ మీద కార్బన్ అనే పాత పునాదిపై కట్టి ఉంది. కార్బన్‌ను 64 బిట్లకు తీసుకెళ్లబోమని యాపిల్ 2007 జూన్‌లో తేల్చిచెప్పింది. కోకో అనే కొత్త పునాదికి మారడమే దారి. పది లక్షలకు పైగా వరుసలను తిరిగి చూడాల్సి వస్తుందని అడోబీ లెక్క. దాంతో 2008లో సీఎస్4 వచ్చినప్పుడు 64 బిట్ల ఫోటోషాప్ విండోస్‌కు మాత్రమే దక్కింది. మ్యాక్ ఒళ్లో పుట్టిన బిడ్డకు పొరుగింట్లో పెద్ద గది దొరికింది. మ్యాక్ మీద ఆ కొరత 2010లో సీఎస్5తో తీరింది.

ఆ రోజుల్లో అడోబీ పగ్గాలు ఒక హైదరాబాదీ చేతిలో ఉన్నాయి. బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో, ఆ తర్వాత ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలో చదివిన శంతను నారాయణ్ 2007 డిసెంబరులో అడోబీ అధిపతి అయ్యాడు.

తెలుగు ఊళ్లలో ఈ గొడవలేవీ పెద్దగా వినబడలేదు. కారణం విండోస్. ఇంటెల్ 1978లో తెచ్చిన 8086 మొదలు ప్రతి కొత్త చిప్‌లోనూ పాత ఆజ్ఞలను అలాగే నిలబెట్టుకుంటూ వచ్చింది. ఆ వంశాన్ని పక్కనపెట్టి 2001లో ఐటానియం అనే కొత్త దారి తొక్కితే కొనేవాళ్లు అటు కన్నెత్తి చూడలేదు. అందుకే 2002లో వచ్చిన ఫోటోషాప్ 7.0 విండోస్ ఎక్స్‌పీలోనే కాదు, దాని తర్వాత వచ్చిన విండోస్‌ల మీద కూడా నడుస్తూ వచ్చింది. పెళ్లి ఆల్బమ్‌లు, ఫ్లెక్సీలు, శుభలేఖలు తయారుచేసే గదుల్లో ఆపరేటర్ల చేతులు ఆ వెర్షన్ షార్ట్‌కట్‌లకే అలవాటు పడ్డాయి. తెలుగు అక్షరాలకు అను ఫాంట్లు వాడేవారు. అవి యూనికోడ్ కన్నా ముందుతరం ఏర్పాటు. ఇంగ్లిషు అక్షరాల గూళ్లలో తెలుగు గుణింతాల ముక్కలను సర్ది పెట్టినవి. కీబోర్డు ప్రోగ్రాము, ఫాంటు, ఫోటోషాప్ మూడూ ఒకదానికొకటి అతుక్కున్న జత. ఒకదాన్ని మారిస్తే మిగతా రెండూ కదులుతాయి. యంత్రం మార్చినా ఆ జతను మాత్రం చెక్కుచెదరకుండా కొత్త డిస్కులోకి ఎక్కించుకునేవారు. ప్రోగ్రాము తెరుచుకునే ఆ కొద్ది క్షణాల్లో వచ్చే పేర్ల పట్టికలో సీతారామన్ నారాయణన్ అన్న ఇంజినీరు పేరు కనబడేది. దేశమంతటా డిజైన్ పనివాళ్లకు ఆ పేరు కంఠతా వచ్చేసింది.

నాలుగో ఇల్లు ఆర్మ్. 1985లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఎకార్న్ అనే కంపెనీ కోసం సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ రూపుదిద్దిన చిప్ వంశం అది. సెల్‌ఫోన్ల పుణ్యమా అని ప్రపంచమంతా పాకింది. తన కంప్యూటర్లు కూడా ఆ వంశంలోకి మారతాయని యాపిల్ 2020 జూన్‌లో చెప్పింది. ఎం1 చిప్ మ్యాక్‌లను నవంబరు 10న చూపింది. అఫినిటీ ఫోటో, పిక్సెల్‌మేటర్ ప్రో వంటి చిన్న పోటీదారులు ఆ నెలలోనే కొత్త చిప్‌కు తయారైపోయారు. ఇంటెల్ రోజుల్లో మొదటి యంత్రం వచ్చాక పదిహేను నెలలు తీసుకున్న ఫోటోషాప్ ఈసారి నాలుగు నెలల్లో, 2021 మార్చి 10న దిగింది. పాత దానికన్నా సగటున ఒకటిన్నర రెట్లు వేగమని అడోబీ చెప్పుకుంది.

పదిహేను నెలలు నాలుగుకు ఎలా దిగాయి? చేత్తో చెక్కే పనిని కాస్త దూరం పెట్టడం ఈలోగా అడోబీ నేర్చుకుంది. 2019 నవంబరులో ఐప్యాడ్‌కు వచ్చిన ఫోటోషాప్ పేరుకే కొత్తది. దాని గుండెకాయ కంప్యూటర్ ఫోటోషాప్‌దే. అంటే ఎం1 రాకముందే ఆ గుండెకాయ ఆర్మ్ మీద కొట్టుకోవడం మొదలుపెట్టింది. అంతకన్నా ముందు, 2012లో ఎంఐటీ పరిశోధకులు అడోబీవారితో కలిసి హేలైడ్ అనే భాషను ప్రపంచానికి చూపారు. వంటతో పోలిస్తే అది సులువుగా అర్థమవుతుంది. పులిహోరలో ఏవేం పడాలన్నది ఒక సంగతి. నలుగురికి చేస్తే గ్యాస్ పొయ్యి మీద, వెయ్యిమందికి చేస్తే గాడిపొయ్యి మీద, ఎన్ని గుండిగల్లో, ఎవరు ఏ పని ముందు చేయాలన్నది వేరే సంగతి. పాత ప్రోగ్రాముల్లో ఈ రెండూ కలగలిసిపోయి ఉండేవి. హేలైడ్ వాటిని విడదీసింది. మసకబార్చడం అంటే ఏమిటో ఒకసారి రాస్తే చాలు. దాన్ని ఎస్ఎస్ఈ మీద ఎలా పరచాలి, ఆర్మ్‌లోని నియాన్ మీద ఎలా పరచాలి అన్నది విడిగా చెప్పుకోవచ్చు. చిప్ మారితే వంట పద్ధతిని ముట్టుకోకుండా పొయ్యి ఏర్పాటును మాత్రం మార్చుకోవచ్చు.

అయినా తోక మిగిలింది. పాత తరహా ప్లగిన్ పలకలు ఎం1 మీద సొంతంగా నడిచే ఫోటోషాప్‌లో తెరుచుకోలేదు. వాటికి అలవాటుపడ్డవాళ్లు ఫోటోషాప్ ఐకాన్ మీద కుడి క్లిక్ నొక్కి, రొసెట్టాతో తెరువు అన్న గడిలో టిక్కు పెట్టుకోవాల్సి వచ్చింది. 2006 నాటి తంతే, పదిహేనేళ్ల తర్వాత అదే పేరున్న దుబాసీతో. విండోస్ వైపు కూడా ఆర్మ్ చిప్‌ల మీద సొంతంగా నడిచే ఫోటోషాప్ 2021లోనే వచ్చింది. విండోస్ కంపెనీ అధిపతి సత్య నాదెళ్లదీ, ఫోటోషాప్ కంపెనీ అధిపతిదీ బేగంపేటలో ఒకే బడి. ఇద్దరి కంపెనీలకూ కొత్త చిప్‌తో ఎదురైన చిక్కు కూడా ఒకటే.

అదే ఏడాది అక్టోబరులో ఫోటోషాప్ బ్రౌజర్‌లోకి కూడా అడుగుపెట్టింది. ఏళ్ల తరబడి పోగుపడ్డ సీ++ వరుసలను వెబ్‌అసెంబ్లీ అనే రూపంలోకి మార్చారు. అది ఏ కంపెనీ తయారుచేయని చిప్ భాష. ఆ పేరుతో సిలికాన్ ముక్క ఎక్కడా దొరకదు. దాన్ని కింద ఉన్న అసలు చిప్ భాషలోకి మార్చే బాధ్యత బ్రౌజర్‌ది. 68000 నాడి పట్టుకుని బతికిన ప్రోగ్రాము చివరకు లేని చిప్ కోసం కూడా తయారైంది.

యాపిల్ తన రెండో రొసెట్టాకు కూడా గడువు చెప్పేసింది. ఇంటెల్ మ్యాక్‌లకు మ్యాక్ఓఎస్ 26తో సరి అని 2025 జూన్‌లో ప్రకటించింది. దుబాసీ వెర్షన్ 27 దాకా ఉంటుంది. ఆ తర్వాత కొన్ని పాత ఆటల కోసం తప్ప ఉండదు. పాత ప్లగిన్‌ల మీద ఆధారపడ్డవారికి మళ్లీ ఒక సర్దుబాటు తప్పదు.

ఇన్ని ఇళ్లు మారినా పాత ఇంటి ఆనవాలు ఒకటి పోలేదు. గుంటూరులో ఒక ఆపరేటరు పెళ్లి ఆల్బమ్ పేజీని పీఎస్‌డీ ఫైలుగా సేవ్ చేస్తే, అందులో మొదటి నాలుగు బైట్లు 8బీపీఎస్ అన్న గుర్తు. తర్వాతి రెండు బైట్లు ఫైలు రకాన్ని చెప్పే అంకె. అది 1. అయిదో బైటులో సున్నా, ఆరో బైటులో ఒకటి. పెద్ద స్థానం ముందు, మోటరోలా 68000 రాసుకునే వరుసలో. అతని ముందున్న ఇంటెల్ యంత్రానికి గానీ, ఆ ఫైలు అందుకునే ఎం-చిప్ మ్యాక్‌కు గానీ ఆ వరుస సొంతం కాదు. ఉన్నది ఉన్నట్టు చదివితే రెండిటికీ 256 అని కనబడుతుంది. అందుకని ఫోటోషాప్ ఆ రెండు బైట్లను తిప్పి ఒకటి అని చదువుకుంటుంది. ఎత్తు, వెడల్పు, లేయర్ల కొలతలు అన్నిటినీ అలాగే తిప్పుకుంటుంది. ఆపరేటరు మళ్లీ సేవ్ నొక్కగానే వాటన్నిటినీ తిరిగి 1990 నాటి వరుసలో పెట్టి డిస్కు మీద రాస్తుంది.